శనివారం క్లబ్బులు సంక్రాంతి దాటాక కూడా నడవాలంటే

జూన్‌లో బడి తెరవగానే నోటీసు బోర్డు మీద పది క్లబ్బుల పేర్లు ఎక్కుతాయి. దసరా సెలవులు అయ్యేసరికి మూడో నాలుగో మిగులుతాయి. సంక్రాంతి తర్వాత వార్షికోత్సవం డాన్సు ప్రాక్టీసు మొదలైతే అవీ ఉండవు. పిల్లలకు ఆసక్తి లేక ఇలా జరుగుతుందని అనుకోకండి. ఎక్కువ క్లబ్బులు పెట్టడం, వేళ ఖాయం చేయకపోవడం, సామాను ఎవరి దగ్గరుందో తెలియకపోవడం, మనం చూసే చాలా బళ్లలో కారణాలు ఈ మూడే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని హైస్కూళ్లను దృష్టిలో పెట్టుకుని, ఆరు నుంచి తొమ్మిది తరగతుల పిల్లలతో ఏడాదంతా నడిపే పద్ధతి ఇక్కడ రాస్తున్నాం.

ముందు లెక్క. ఒక్కో క్లబ్బుకి ఇరవై నుంచి పాతికమంది పిల్లలు, బాధ్యత తీసుకునే టీచరు ఒకరు, ఆ టీచరు సెలవు పెడితే చూసుకునే ఇంకొకరు ఉండాలి. రెండో పేరు రాయని క్లబ్బు ఆ టీచరు మొదటిసారి ట్రైనింగుకు వెళ్లగానే ఆగిపోతుంది. బడిలో ఎనిమిది మంది టీచర్లుంటే నాలుగు క్లబ్బులకు మించి పెట్టొద్దు. నో బ్యాగ్ డే అని శనివారం చేతిలో ఉన్నా, రోజంతా క్లబ్బులకే ఇస్తే చివరికి అది ఆటవిడుపు రోజుగా మారిపోతుంది. మధ్యాహ్న భోజనం తర్వాత రెండు పీరియడ్లు, అంటే సుమారు గంటన్నర, చాలు. బడి వదిలాక మాత్రం పెట్టకండి. దూరపు పేటల నుంచి వచ్చే పిల్లలకు ఉండేది ఒకే బస్సు, లేదంటే ఒకే ఆటో. అది తప్పిపోతే ఆడపిల్లలను ఇంట్లో రెండోసారి పంపరు.

పిల్లల చేత చీటీ మీద మూడు ఇష్టాలు వరుసగా రాయించండి. తరగతిలో చేతులెత్తమంటే మగపిల్లలంతా కబడ్డీకి, ఆడపిల్లలంతా ముగ్గులకు, డాన్సుకు ఎత్తుతారు. పక్కవాళ్లను చూసి ఎత్తే చేతులవి. చీటీలు ఇంటికి పంపి మర్నాడు తెప్పించుకుంటే ఫలితం వేరుగా వస్తుంది. ఏడాదిని దసరా వరకు, సంక్రాంతి వరకు, ఒంటిపూట బడుల వరకు అని మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్క చివర మారాలనుకునేవాళ్లకు ఒక అవకాశం ఇవ్వండి. మధ్యలో మారడానికి మాత్రం ఒప్పుకోవద్దు.

పదో తరగతి వాళ్లను నాయకులుగా పెట్టడం చాలా బళ్లలో అలవాటు. నవంబరు, డిసెంబరు వచ్చేసరికి స్పెషల్ క్లాసులు వాళ్లను లాగేస్తాయి. కాబట్టి మొదటి నుంచీ తొమ్మిదో తరగతి పిల్లకో పిల్లాడికో నాయకత్వం అప్పగించి, పదో తరగతి వాళ్లను సలహాకు మాత్రమే పిలవండి.

ఎండ గడియారం జట్టు

సైన్సు క్లబ్బు అనగానే థర్మోకోల్ మోడళ్లు గుర్తొస్తాయి. అవి చేసేది సగం తల్లిదండ్రులు, సగం స్టేషనరీ షాపు. వాటి బదులు ఒక కర్ర పాతండి. ఏడాదంతా కొలిచినా విసుగు పుట్టని పని అది. అరసవల్లి గుడిలో మార్చి రెండో వారంలోనూ అక్టోబరు మొదట్లోనూ సూర్యకిరణాలు మూలవిరాట్టును తాకుతాయని మన పిల్లలందరికీ తెలుసు. ఏడాదిలో రెండుసార్లే ఎందుకు అని అడిగితే మాత్రం చెప్పలేరు. సూర్యోదయం అయ్యే చోటు డిసెంబరు నుంచి జూన్ వరకు ఉత్తరానికి, జూన్ నుంచి డిసెంబరు వరకు దక్షిణానికి జరుగుతూ ఉంటుంది. కిరణాలు సూటిగా గుడిలోకి పడే చోటు సరిగ్గా తూర్పుకు కొద్దిగా దక్షిణంగా ఉంటుంది, దాన్ని సూర్యోదయం వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి దాటుతుంది. ఈ సంగతి నోటితో చెప్పడం కంటే నీడతో చూపించడం తేలిక.

కావలసినవి: 120 సెంటీమీటర్ల నిటారైన కర్ర లేదా పీవీసీ పైపు, పోస్టుకార్డంత అట్టముక్క, దారం, బరువుకు ఒక ఇనుప నట్టు, టేపు, సుద్దముక్కలు, సెల్‌ఫోన్ గడియారం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెట్టు నీడగానీ గోడ నీడగానీ పడని చదునైన సిమెంటు నేల దొరికితే మంచిది. నీళ్లు పోసి చూస్తే నేల వాలు తెలిసిపోతుంది. నీళ్లు ఒకవైపే పారితే ఆ చోటు పనికిరాదు. సిమెంటు నేలయితే కర్రను మట్టి నింపిన బకెట్లో నిలబెట్టండి.

ఉత్త కర్ర నీడ కొస మసకగా ఉంటుంది. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బింబం. అందుకే మీటరు ఎత్తు నుంచి పడే నీడకు అంచు సుమారు ఒక సెంటీమీటరు మేర కరిగిపోయినట్టు కనిపిస్తుంది. ఇద్దరు పిల్లలు కొలిస్తే రెండు జవాబులు వచ్చేది ఇక్కడే. దీనికి మందు అట్టముక్క. అట్టకు మధ్యలో మూడు నాలుగు మిల్లీమీటర్ల చిల్లు పెట్టి, కర్రకు పక్కగా నేలకు సమాంతరంగా అంటించండి. చిల్లు నేల నుంచి సరిగ్గా ఒక మీటరు ఎత్తులో ఉండాలి. నేల మీద అట్ట నీడ మధ్యలో గుండ్రటి వెలుగుబొట్టు పడుతుంది. దాని నడిమధ్యన సుద్దతో గుర్తు పెట్టాలి. కొలత కర్ర మొదలు నుంచి కాదు. చిల్లులోంచి నట్టు కట్టిన దారం వేలాడదీస్తే అది నేలను తాకే చోటే మూలబిందువు, కొలతలన్నీ అక్కడి నుంచే. తొంభై శాతం తప్పులు ఈ ఒక్క చోటే జరుగుతాయనుకోండి.

ఇప్పుడు ఉత్తరం కనుక్కోవాలి. మూలబిందువు చుట్టూ 45 సెంటీమీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీయండి. పొద్దున వెలుగుబొట్టు వృత్తం బయట ఉంటుంది. మధ్యాహ్నం దగ్గరపడేకొద్దీ లోపలికి వచ్చి, మళ్లీ బయటికి పోతుంది. లోపలికి వచ్చేటప్పుడు గీతను తాకిన చోట ఒక గుర్తు, బయటికి పోయేటప్పుడు ఒక గుర్తు పెట్టి, రెంటినీ కలిపే గీతను సగం చేసి మూలబిందువుకు కలిపితే అదే ఉత్తర దక్షిణ రేఖ. అన్నింటికన్నా పొట్టి నీడను చూసి ఉత్తరం పట్టుకోవచ్చు కదా అని పిల్లలు అడుగుతారు. పట్టుకోవచ్చు, కానీ మధ్యాహ్నం వేళ నీడ పొడవు పది నిమిషాలపాటు దాదాపు మారదు. ఏ నిమిషంలో పొట్టిగా ఉందో కంటికి తేలదు.

నీడ కొలవాల్సిన రోజు ఏది? పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజులు మార్చి 20, 21 ఒకసారి, సెప్టెంబరు 22, 23 ఒకసారి. మార్చిలో ఆకాశం బాగుంటుంది కానీ అప్పటికి ఒంటిపూట బడులు. రెండో గుర్తు ఒంటిగంట దాటాక గానీ పడదు, అప్పటికి బడి వదిలేస్తారు. సెప్టెంబరులో రెండో గుర్తు ఒంటిగంటకు పది నిమిషాల ముందే, భోజనం వేళకు పడుతుంది. కాకపోతే మబ్బు పట్టొచ్చు. మబ్బు పడితే బెంగపడక్కర్లేదు. ఆ రోజుల్లో మధ్యాహ్నపు నీడ రోజుకు ముప్పాతిక సెంటీమీటరు చొప్పున మారుతుంది. మూడు రోజుల తర్వాత కొలిచి ఆ మేరకు సవరించుకోవచ్చు.

ఆ రోజు మధ్యాహ్నం, సెప్టెంబరులో అయితే 11 గంటల 47 నిమిషాల ప్రాంతంలో, శ్రీకాకుళం పట్నంలో మీటరు ఎత్తుకు నీడ సుమారు 33 సెంటీమీటర్లు రావాలి. తొమ్మిదో తరగతి వాళ్ల చేత ఆ త్రిభుజాన్ని కాగితం మీద పదో వంతు స్కేలుతో గీయించి, పై కోణాన్ని కోణమానినితో కొలిపించండి. 18 డిగ్రీల పైచిలుకు వస్తుంది. అట్లాసు తీసి శ్రీకాకుళం అక్షాంశం చూపించండి, 18.3. తమ బడి ఆవరణలో పాతిన కర్రే అక్షాంశం చెప్పిందని తెలిసిన తర్వాత పిల్లలు జాగ్రఫీ పుస్తకాన్ని చూసే తీరే మారుతుంది. డిసెంబరు 22న అదే నీడ 89 సెంటీమీటర్లకు పెరుగుతుంది. జూలై చివరి రెండు రోజుల్లో, 12 గంటలప్పుడు, నీడ పూర్తిగా మాయమవుతుంది. మబ్బు తెరపి ఇస్తే ఒక గ్లాసు బోర్లించి పిల్లలకు చూపించండి. మే నెలలో కూడా అలాంటి రోజు వస్తుంది గానీ అప్పుడు బడి ఉండదు.

ఒకటి ముందే గట్టిగా చెప్పి పెట్టాలి. చిల్లులోంచి పైకి, సూర్యుడి వైపు, ఎవరూ చూడకూడదు. ఎక్స్‌రే ఫిల్ములు, నల్లకళ్లద్దాలు పెట్టుకున్నా సరే.

బడి పిల్లల సైన్సు ఆలోచనలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డు నామినేషన్లకు వెళ్లాలనుకునే పిల్లలు ఈ జట్టులోంచే తయారవుతారు. ఎంపికైన పిల్లలకు ₹10,000 వాళ్ల బ్యాంకు ఖాతాలోకే వస్తుంది. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, బడి రికార్డులో వెనక ఉంటే డబ్బు ఆగిపోతుంది. ఆలోచన కన్నా ముందు పేరు సరిచూడండి.

గోడపత్రిక

పత్రికలో కవితలు, సూక్తులు, కాపీ చేసిన సామెతలు నింపితే రెండో సంచిక ఎవరూ చదవరు. ఊరి పని గురించి ఊరివాళ్లను అడిగి రాసిన ముక్క ఒకటి ఉంటే, మధ్యాహ్న భోజనం వండే ఆమె కూడా ఆగి చదువుతుంది.

కొలతలు ముందు తేల్చుకోవాలి. ఫుల్ చార్టు 22 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల పొడవు ఉంటుంది. నిలువుగా పెడితే నాలుగు ఏ4 కాగితాలు రెండు వరుసల్లో పడతాయి. పైన పేరుకు నాలుగంగుళాలు మిగులుతుంది. అంటే సంచికకు నాలుగే రచనలు. అక్షరం మరీ చిన్నదైతే చదవాలన్న ఓపిక ఉండదు, కాబట్టి ఒక్కో కాగితానికి వంద మాటలు మించొద్దు. వంద మాటల్లో చెప్పమంటే పిల్లలు మొదట రెండు వందలు రాసుకొస్తారు. సగం కొట్టేయడమే ఈ క్లబ్బులో అసలు చదువు. నెలకు ఒక సంచిక, మొదటి శనివారం. మైదా జిగురు వాడితే బొద్దింకలు, చెదలు పడతాయి. వానాకాలం తీరప్రాంతపు గాలికి చార్టు మెత్తబడి వేలాడిపోతుంది కాబట్టి అట్ట మీద అంటించి, నాలుగు మూలలా బోర్డు పిన్నులు గుచ్చండి. పాత సంచికలను పారేయకుండా చుట్టచుట్టి పైన తేదీ రాసి దాచండి.

ఇంటర్వ్యూకు పంపేముందు ప్రశ్నలు రాయించాలి. పొందూరు పిల్లలనుకోండి, ‘మన ఖాదీ గొప్పతనం చెప్పండి తాతా’ అని అడిగితే తాత ప్రసంగం ఎత్తుకుంటాడు. ‘పత్తి దువ్వడానికి వాలుగ చేప దవడే ఎందుకు, ఇనప దువ్వెన పనికిరాదా? ఒక దవడ ఎన్నాళ్లు వస్తుంది? అరిగిపోయిందని ఎలా తెలుస్తుంది?’ అని అడిగితే దవడ తెచ్చి చేతిలో పెడతాడు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లి పిల్లలైతే వీణకు పనసచెక్క ఎందుకో, ఏ వయసు చెట్టు కొడతారో అడగాలి. బుడితి వైపు వాళ్లకు ఇత్తడి పని ఉండనే ఉంది. ప్రశ్నలో ‘ఎందుకు’, ‘ఎన్ని’, ‘ఎలా తెలుస్తుంది’ లేకపోతే తిప్పి పంపండి. తాత చెప్పిన మాటను చెప్పినట్టే రాయించండి. వాడుక భాషకోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29కి వచ్చే సంచికైనా మన పలుకుబడిలో ఉండాలి. పుస్తక భాషలోకి దిద్దే పని మాత్రం పెట్టుకోవద్దు.

కబడ్డీ కోర్టు వేయడం

ఆట నేర్పడం ఆటల టీచరు పీడీ గారికి తెలిసిన పనే. కోర్టు వంకరగా వేయడం మాత్రం దాదాపు ప్రతి బడిలోనూ కనిపించే తప్పు. మగవాళ్ల కోర్టు 13 మీటర్లకు 10, మహిళలది 12కి 8. మహిళల కోర్టు వేయడం ఇలా: 12 మీటర్ల పక్కను గోడకు సమాంతరంగా సుతిలి కట్టి గీయండి. మూల దగ్గర లంబకోణం కోసం గీత మీద 4 మీటర్ల దగ్గర ఒక మేకు, మూలలో ఒక మేకు కొట్టండి. మూల నుంచి 3 మీటర్లు, 4 మీటర్ల దగ్గరి మేకు నుంచి 5 మీటర్లు పట్టి రెండు టేపులు కలిసే చోట మూడో మేకు. ఆ దిక్కున 8 మీటర్లు సాగదీయాలి. నాలుగు మూలలూ అయ్యాక రెండు కర్ణాలూ కొలవండి. రెండూ 14 మీటర్ల 42 సెంటీమీటర్లు రావాలి. తేడా ఐదు సెంటీమీటర్లు దాటితే మళ్లీ మొదటి మూలకు వెళ్లాల్సిందే. నైలాన్ తాడుతో కొలిస్తే సాగుతుంది, కర్ణాలు ఎన్నటికీ కలవవు. టేపే వాడండి. మధ్యగీత నుంచి, కూతకు వచ్చినవాళ్లు దాటాల్సిన బాక్ లైన్ 3 మీటర్లు, దానికి అవతల మీటరు దూరంలో బోనస్ లైన్. మగవాళ్ల కోర్టులో బాక్ లైన్ 3.75 మీటర్లు. గీతలకు ముగ్గుపిండి వాడాలి. కాల్చిన సున్నం వద్దు, చెమట పట్టిన చర్మం మీద, కళ్లలో పడితే కాలుస్తుంది.

ఆటకు ముందు గోళ్లు, గాజులు, చెవిపోగులు, పిన్నులు చూడాలి. చీలమండ బెణికితే రుద్దొద్దు, ఐసు గుడ్డలో చుట్టి పెట్టి కాలు ఎత్తుగా ఉంచండి. పిల్ల కాలు మోపలేకపోతే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కరణం మల్లీశ్వరి ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట పిల్లే, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం తెచ్చింది. ఆ పేరు చెప్తే ఆడపిల్లలను ఆటకు పంపడానికి ఒప్పుకునే తల్లిదండ్రులు మన జిల్లాలో ఇంకా ఉన్నారు. వాడుకోండి.

తేలినీలాపురం వెళ్లేటప్పుడు

టెక్కలి దగ్గర తేలినీలాపురం పక్షుల కేంద్రానికి డిసెంబరు, జనవరి మంచి కాలం. గూళ్లు నిండుగా ఉంటాయి. అక్టోబరు, నవంబరులో ప్రయాణం పెట్టుకోవద్దు. అది తుపాన్ల కాలం, 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. ఇచ్ఛాపురం వైపు బళ్లకు తేలుకుంచి దగ్గర. అక్కడికి ఓపెన్‌బిల్ కొంగలు తొలకరికి వస్తాయి కాబట్టి జూలై, ఆగస్టు చాలు.

వెళ్లే ముందు హెచ్‌ఎం అనుమతి, తల్లిదండ్రుల సంతకంతో ఒప్పుకోలు చీటీ, పదిమంది పిల్లలకు ఒక పెద్ద మనిషి, ఆడపిల్లలుంటే తప్పనిసరిగా ఒక టీచరమ్మ. తలకు లీటరున్నర నీళ్లు, పది ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. బైనాక్యులర్లు రెండు ఉన్నా చాలు. పిల్లలను నలుగురేసి జట్లుగా విడదీయండి. ఒకరు చూసి చెప్తారు, ఒకరు లెక్కపెడతారు, ఒకరు రాస్తారు, ఒకరు టైము చూస్తారు. ఒక జట్టుకు ఒకే చెట్టు. పది నిమిషాల్లో ఎన్ని పక్షులు గూటికి వచ్చాయి, ఎన్ని ఎగిరిపోయాయి, వచ్చిన పక్షి పిల్లకు మేత పెట్టిందా లేదా, ఈ మూడే రాయాలి. అన్నీ రాయమంటే ఏదీ రాయరు.

గూళ్ల కింద నిలబడనివ్వకండి. పైనుంచి రెట్ట పడటం సరే, పిల్లల అలికిడికి గూటిలో కూన బెదిరి కింద పడుతుంది. ఇవి సైబీరియా పక్షులని ఊళ్లో అందరూ అంటారు. పిల్లలూ అదే రాసుకుంటారు. అక్కడ గూళ్లు కట్టే పెలికాన్, ఎర్రకాళ్ల కొంగ రెండూ దక్షిణ, ఆగ్నేయ ఆసియాల్లోనే బతికే పక్షులు. ఆ మాట గైడుతో వాదించక్కర్లేదు. బడికి వచ్చాక పుస్తకం తీసి పిల్లల చేతే తేల్పించండి.

తప్పెటగుళ్లు నేర్పించాలంటే

తప్పెటగుళ్లు తప్పెట వాయిస్తూ ఆడే జానపద నృత్యం. కళాకారుణ్ణి పిలవకముందే తప్పెటలు కొనకండి. మొదటి మూడు వారాలు చప్పట్లతో అడుగు మాత్రమే. అడుగు కుదిరాక గజ్జెలు, ఆ తర్వాతే గుండెకు కట్టుకునే తప్పెట. ఈ వరుస తప్పితే పిల్లలు వాయింపు మీద ధ్యాసతో అడుగు వదిలేస్తారు, తర్వాత సరిదిద్దడం చాలా కష్టం. మనుషుల మీద మనుషులు నిలబడే విన్యాసాలు బడి పిల్లల చేత వద్దే వద్దు. గంగమ్మ కొలుపులో పాడేవి కొన్ని, వేదిక మీద పాడేవి కొన్ని ఉంటాయి. ఏవి నేర్పొచ్చో ఆ కళాకారుణ్ణే అడిగి, ఆయన వద్దన్నవి వదిలేయండి. దారి ఖర్చుతోపాటు రోజు కూలికి తగ్గకుండా ఆయన చేతికి ఇవ్వాలి. శాలువా కప్పి పంపించేస్తే రెండోసారి రాడు. ఆ డబ్బు ఎక్కడి నుంచో పేరెంట్స్ కమిటీ సమావేశంలో ముందే రాయించుకోండి.

చివరగా పెట్టె సంగతి. ప్రతి క్లబ్బుకూ తాళం ఉన్న ఒక రేకుపెట్టె, అందులో ఒక లాంగ్ నోట్‌బుక్. నోట్‌బుక్‌లో శనివారం శనివారం మూడు గీతలు: ఎవరు వచ్చారు, ఏం చేశారు, వచ్చే వారానికి ఏం కావాలి. మూడో గీత రాయడం మరిచిపోతే వచ్చే శనివారం సామాను వెతకడానికే అరగంట పోతుంది. తాళాలు రెండు, ఒకటి టీచరు దగ్గర, ఇంకొకటి ఆఫీసులో. టీచరుకు బదిలీ అయితే కొత్తగా వచ్చినవారికి ఆ నోట్‌బుక్ చాలు. పెట్టె మూత లోపలివైపు సామాను జాబితా అంటించి, ఏప్రిల్‌లో బడి మూసేరోజు తొమ్మిదో తరగతి నాయకుడి చేత సరిచూపించి, అటెండరు సంతకం పెట్టించండి. టేపు పోయేది ఎప్పుడూ వేసవిలోనే.